నల్లమూస

కళ్యాణదుర్గం సమీపంలోని ఆ పల్లెలో ఆంజనేయస్వామి గంట బీటవారింది. కరవు ఏడాదైనా, కొత్తగంట పోతకై ఇంటింటివారూ తమ కంచుగిన్నెలు సమర్పించారు. కంచరి మౌనాచారి తన మట్టిమూసను పక్కనబెట్టి, లోహం కరిగించడానికి బెంగుళూరునుంచి నల్లమూస నొకదానిని తెప్పించాడు. పెన్సిలుముల్లులోని నల్లపొడిని మట్టితో కలిపి చేసినది. ఎంత మంటకైనా చెక్కుచెదరదని అమ్మినవాడి మాట.

ధర్మకర్త బసప్పకు ఆ నలుపు నచ్చలేదు.

"ఏమప్పా ఆచారీ, ఎముకలు కాల్చి చేసినట్టుండాది. సామి గంటకు ఇదా?"

"ఎముక కాదన్నా, రాయి."

"నువ్వు చూసినావా?"

మౌనాచారి చూడలేదు.

పోతనాడు మూసను పైకెత్తితే అందులో సగం కంచే మిగిలింది. చుట్టూ లోహపుమడ్డి చిట్టెంగా పట్టిన ఆ మూసను శంకించాలని ఎవరికీ తోచలేదు. తిత్తి ఊదినవారిని మౌనాచారి అనుమానంగా చూశాడు. ఊరంతా అతణ్ణి చూసింది.

"తక్కింది యాడికి పోయె? కూతురు పెండ్లికి బిందెలు చేస్తాండావా?" అన్నాడు బసప్ప.

"నా ఇల్లు ఎతుక్కోండి."

వెదికారు. జొన్నకాగులో చేతులు పెట్టారు, దేవుడిపీట కదిపారు. ఏమీ దొరకకపోయేసరికి అనుమానం మరింత బలిసింది. సాయంత్రం స్వామి ఎదుట ప్రమాణం చేయాలని తీర్మానించారు. ఒకసారి ప్రమాణానికి నిలిచిన కంచరికి, నిర్దోషి అయినా, ఆ సీమలో మళ్ళీ గుడిపని దక్కదు.

అప్పుడు అతని భార్య నాగలక్ష్మమ్మ ముందుకు వచ్చింది.

"ఎముక అన్నారని ఆ మూసను నేనే శుద్ధి చేసినా. గోమూత్రంలో నానబెట్టి, పసుపునీళ్ళతో కడిగి, బొట్టు పెట్టినా. ఈయప్పకు చెప్పలే."

పావనం చేసేవాడు గనుకనే అగ్నికి పావకుడని పేరు. అందులో పడబోయే మూసకు వేరే శుద్ధి అక్కరలేదని ఆ ఇల్లాలికి తోచలేదు.

మౌనాచారి నెత్తి పట్టుకున్నాడు. "తడిమూసను మంటలో పెడితినా! పగలక ఏం చేస్తాదే?"

"మొగుణ్ణి కాపాడేకి ఆడది ఎన్నైనా చెప్తాది," అన్నాడు బసప్ప.

"అట్లయితే కొలిమి తవ్వన్నా!" అంది ఆమె.

తవ్వారు. మూస నడుమ చిట్టెం చెక్కితే సన్నని నెర్రె కనిపించింది. కొలిమి అడుగున, బూడిదలో, కంచు గడ్డకట్టి ఉంది. తూచితే సరిపోయింది. బసప్ప మళ్ళీ తూయించాడు, మళ్ళీ సరిపోయింది.

"ఇంకా పెమాణం చేయాల్నా?" అన్నాడు మౌనాచారి.

బసప్ప తక్కెడ తీసేయమని సైగ చేశాడు.

"మట్టిమూసలో మళ్ళా కరిగిస్తా. ఈసారి తిత్తి నువ్వే ఊదాల. ఎవరూ ఎత్తుకపోకుండా చూసుకో."

ధర్మకర్త పంచె ఎగగట్టి కూర్చున్నాడు. పొగకు కళ్ళు మండినా రెప్ప వాల్చలేదు. పోత ముగిసేదాకా అతని చూపు మూసమీద లేదు, ఆచారి చేతులమీదే ఉంది.