ఒక్క వరుస టైపు చేస్తే చాలు

ఎంతని, సాఫ్ట్‌వేర్ తెరవడానికి కొట్టాల్సింది నలభై ఒక్క అక్షరాలు, మధ్యలో రెండు ఖాళీలు, మూడు వాలు గీతలు, అంతే కదా, అది కూడా కొట్టలేనివాళ్లు ప్రోగ్రాములు రాసి ఎవర్ని ఉద్ధరించాలి, పిల్లలకేం నేర్పాలి, అని అతను పొద్దుటి నుంచీ పళ్లు నూరుకుంటూనే ఉన్నాడు, ల్యాబులో చివరి కుర్చీలో, ఎదురుగా నలభై కంప్యూటర్లు, నలభై మంది టీచర్లు, గోడ మీద ప్రొజెక్టరు వెలుగు, బడిపిల్లలు తమ సొంత మాటల్లో ప్రోగ్రాములు రాసుకోవడానికి మూడేళ్లు సెలవులన్నీ తగలేసి తను తయారుచేసిన సాఫ్ట్‌వేర్, మధ్యాహ్నం పెద్దాఫీసరు వచ్చి చూసి ఊఁ అంటే అన్ని బడులకూ వెళ్తుంది, పెదవి విరిస్తే ఇక్కడితో సరి, ఇంత ముఖ్యమైన రోజున ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు తనను పిలవలేదు.

పోయిన నెల శిక్షణలో ఎంత బాగుండేది, సార్ ఇది రావట్లేదు, సార్ ఈ గీత ఎక్కడుంది, సార్ ఒక్కసారి ఇలా, తను వెనక నుంచి వంగి, జరగండి అని వాళ్ల చేతులు పక్కకు తోసి, టకటకా ఆ వరుస కొట్టి, మాట్లాడకుండా తర్వాతి కుర్చీకి, లెక్కల మాస్టారయితే ముప్పై ఏళ్ల సర్వీసు మనిషి, ఆ వరుసను అరచేతిలో రాసుకొచ్చాడు, చెమటకు సగం చెరిగింది, మాస్టారూ రేపటిదాకా చెయ్యి కడుక్కోకండి అని తనంటే హాలంతా నవ్వింది, ఆయనా నవ్వాడు పాపం, పాపమేమిటి, నేర్చుకోవద్దూ, ఇంట్లో చెల్లెలిదీ ఇదే గొడవ, అదీ టీచరే కదా, అన్నయ్యా, అంత వరుస ఎవరు కొడతారు, తెర మీద ఒక బొమ్మ పెట్టు, నొక్కితే తెరుచుకోవాలి, వాళ్లు రాయాల్సింది లోపల, గుమ్మం దగ్గరే పరీక్ష ఎందుకు, అంటే భార్య ముందు, మేనకోడలి ముందు తను పగలబడి నవ్వాడు, బొమ్మల టీచరమ్మకి బొమ్మ కావాలట, భార్య పోనీండి అన్నా వినలేదు, చెల్లెలు తింటున్న కంచం పట్టుకుని లేచిపోయింది, ఆ పేరు ల్యాబు దాకా పాకింది, పాకించింది తనే, ఇప్పుడు చూడు, చెప్పాపెట్టకుండా పొద్దున్నే వచ్చి నలభై తెరల మీదా బొమ్మ పెట్టేసింది, చిన్న పసుపు గొడుగు, నొక్కారు, తెరుచుకుంది, అర నిమిషంలో హాలంతా తెరుచుకుంది, లెక్కల మాస్టారు తెర మీద వృత్తాలు తిప్పుకుంటూ నీ ఇల్లు బంగారం గానూ అంటున్నాడు, చెల్లెలితో, తనతో కాదు.

టీకి అందరూ అన్నీ మూసేసి వరండాలోకి వెళ్లారు, అతనొక్కడే మిగిలాడు, ముందున్న పెద్ద కంప్యూటరు, సాఫ్ట్‌వేర్ ఉన్నది ఇందులోనే, అన్ని గొడుగులూ వచ్చి వెతుక్కునేది ఇందులోని ఒక్క ఫోల్డరునే, దాని పేరు చివర ఒక అంకె చేర్చితే చాలు, ఒకటి, ఏమీ చెరపడం లేదు కదా, ఎవరి సొమ్మూ కాదు, తనది, తన ఇష్టం, చేర్చాడు, వరండాలో చెల్లెలి నవ్వు వినిపిస్తోంది, నవ్వనీ, ఆఫీసరు ముందు గొడుగులు ఒక్కటీ పలకవు, అప్పుడు తను ఎంతో ఓర్పుగా లేచి, జరగండి అంటాడు.

పెద్దాఫీసరు వచ్చింది, ముక్కు చివర కళ్లద్దాలు, చేతిలో ఫైలు, ఏదీ తెరవండి అంది, నలభై మంది నొక్కారు, నలభై తెరల మీదా ఒకటే మాట, దొరకలేదు, మళ్లీ నొక్కారు, దొరకలేదు, చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు, పొద్దున వచ్చిందండీ, అందరికీ వచ్చింది, ఈ బొమ్మ ఎవరు పెట్టారు, నేనేనండీ, ఎవర్నడిగి పెట్టారమ్మా, చెల్లెలు అన్న వైపు చూసింది, అన్న కిటికీ వైపు చూశాడు, ఎంత హాయిగా ఉందో, పుట్టి బుద్ధెరిగాక ఇంత హాయి లేదు, సరే మీరే తెరవండి అంది ఆఫీసరు, అతను లేచాడు, ప్రొజెక్టరుకు తగిలించిన కంప్యూటరు ముందు చెల్లెలే ఉంది, జరుగు అన్నాడు, చేతులు చూడకుండానే నలభై ఒక్క అక్షరాలూ కొట్టాడు, గోడ మీద మూరెడేసి అక్షరాలు వెలిగాయి, దొరకలేదు.

మూడేళ్ల అలవాటు, వరుస చివరి ఫోల్డరుకు వేళ్లు పాత పేరే కొట్టాయి, ఒక్క అంకె, అది చేర్చితే తెరుచుకుంటుంది, ఆఫీసరు ఊఁ అంటుంది, కానీ గోడ మీద అందరూ చూస్తారు, పక్కనే నిలబడ్డ చెల్లెలు చూస్తుంది, ఈ వరుస దీనికి కంఠతా వచ్చు, వేలు ఒకటి మీదే ఉంది, చెల్లెలు చెవి దగ్గరకు వంగింది, అన్నయ్యా, ఫోల్డరు పేరేమైనా మారిందేమో, ఒక్కసారి చూడవూ, మూడేళ్ల కష్టంరా నీది, ఆ గొంతులో కోపం కూడా లేదు, ఉంటే బాగుండేది, మారడానికేముంది, నీ బొమ్మే ఏదో పాడుచేసి చచ్చింది, అని హాలంతా వినబడేలా అన్నాడు, చెల్లెలు తల దించుకుంది, లెక్కల మాస్టారు తన అరచేతిని చూసుకున్నాడు, చేసినాయనకే తెరుచుకోనిది పిల్లలకేం తెరుచుకుంటుంది లెండి, అని ఆఫీసరు ఫైలు మూసింది, కుర్చీలు జరిగాయి, ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, అతను వేలు వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, ఇంకా సమయం ఉంది, పిలిస్తే ఆఫీసరు ఆగుతుంది, పిలవలేదు, ఇది తెరుచుకోవాలని మూడేళ్లలో ఒక్కనాడూ తను కోరుకోలేదు, సార్ ఒక్కసారి ఇలా అని ఎవరో పిలుస్తూ ఉండాలనే కోరుకున్నాడు, ఇక ఎవ్వరూ పిలవరు.