అక్క పాదానికి రంగు

ఆటోనగర్‌లో సంజీవరావు పెయింటంటే సుత్తితో కొట్టినా పెచ్చు రాలదని పేరు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానని గిట్టనివాళ్ళు అంటారు. అననివ్వండి. ముప్ఫై ఏళ్ళుగా లారీలకు రంగు వేస్తున్నాను, ఒక్కోదానికి ఏడు పూతలు. చేత్తో తడిమితే దళసరిగా తగలాలి, అదీ నా లెక్క.

నా కూతురు కృప నా షెడ్డులోనే ఒక మూల కార్ల బంపర్లకు రంగు వేస్తుంది. ప్లాస్టిక్ మీద పని కూడా ఒక పనేనా అని రోజూ ఏడిపించేవాణ్ణి. అది నవ్వి ఊరుకునేది.

మా సొంతూరు పామర్రులో ఉండే అమలమ్మక్కకు రెండేళ్ళ క్రితం షుగర్ వల్ల కుడి పాదం తీసేశారు. ఇప్పుడు కట్టుడు కాలు, దాని చివర రబ్బరు పాదం. అయినా కర్ర పట్టకుండా చర్చికి నడిచి వెళ్తుంది. ఈ ఏడాది ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు ఫాదర్ గారు కాళ్ళు కడిగే పన్నెండు మందిలో ఆమెను ఎంచారు. యేసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా చేసే సేవ అది. ఆ వరుసలో ఆడమనిషి కూర్చోవడం మా ఊళ్ళో అదే మొదలు. నాకైతే ఛాతీ రెండింతలైంది.

చిక్కల్లా రంగు దగ్గరే వచ్చింది. అక్క నల్లటి మనిషి, రబ్బరు పాదమేమో పాలిపోయిన గోధుమ రంగు. వారం ముందే బస్సెక్కి బెజవాడ వచ్చేసింది.

“ఒరేయ్ సంజీవూ, కాలు పోయిందని నాకు సిగ్గు లేదు. కానీ ఆ రోజు ఇదెవరి కాలో అన్నట్టు చూస్తార్రా అందరూ. రెండూ నావేనని తెలియాల. నీ వల్ల అవుద్దా?”

“అవుద్దా ఏంటక్కా! పదహారు టైర్ల లారీకి వేసేవాణ్ణి, జానెడు పాదానికి వెయ్యలేనా?”

కృప అడ్డొచ్చింది. “నాన్నా, అది మెత్తటి రబ్బరు. దళంగా వేస్తే నిలబడదు.”

“నీ బంపర్లకు చెప్పుకోవే,” అన్నాను.

ఏడు పూతలూ వేశాను. ఆ గురువారానికి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు అక్క ఆ పాదం తొడుక్కుంటే అద్దంలా మెరిసింది. సోమవారానికి వేళ్ళ దగ్గర సన్నగా చీలింది. మంగళవారం పొద్దున వంటింట్లోకి నడుస్తుంటే అరచేతంత పెచ్చు ఊడి గచ్చు మీద పడింది.

అక్క చీర కుచ్చిళ్ళు కిందికి లాగి పాదం కప్పుకుంది. “పోనీలేరా. నా బదులు ఇంకెవర్నన్నా కూర్చోబెట్టమని ఫాదర్ గారికి ఫోన్ చేస్తాలే,” అంది. తిట్టినా బాగుండేది. ముప్ఫై ఏళ్ళ పేరు ఆ గచ్చు మీద పడి ఉంది.

కృప పెచ్చు తీసి చూసింది. “ఫోన్ చెయ్యమాక అత్తా. ఆ పాదం ఇటియ్యి.”

“నా రంగు ఎందుకు లేచిందే?” అన్నాను. అడగడానికి నోరు రాలేదు, అయినా అడిగాను.

“ఇనుము వంగదు నాన్నా, అందుకే నీ రంగు దాని మీద రాజాలా కూర్చుంటది. ఇది అడుగు తీసినప్పుడల్లా వంగుద్ది. పైన రంగు కూడా వంగాల. దళంగా ఉంటే వంగలేక పట్టు వదిలేస్తది. పలచగా ఉంటే ముడతపడి మళ్ళీ సర్దుకుంటది.”

నేను థిన్నర్ డబ్బా అందుకోబోతే చేతి మీద కొట్టింది, రబ్బరు ఉబ్బుతుందట. నా ఏడు పూతలనూ గోటితోనే ఒలిచింది. ఎమరీ పేపరుతో రుద్దింది. అక్క ఎడమ కాలి పక్కన చతికిలబడి అయిదుసార్లు రంగు కలిపింది. బంపర్ల రంగులో పోసే మెత్తదనపు మందు అందులో పోసి, రెండే రెండు పూతలు వేసింది. ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాయి.

బుధవారం మధ్యాహ్నం ఆరాక పాదం వేళ్ళు పట్టుకుని వంచింది. రంగు మీద సన్నటి ముడతలు లేచాయి. “ఇదీ లేస్తోందే!” అని అరిచాను. వదిలేసింది. ముడతలు మాయమయ్యాయి. మళ్ళీ వంచింది, మళ్ళీ వదిలింది. వంద దాకా లెక్కపెట్టి ఆపేశాను.

“నా తోలు మాత్రం ముడతలు పడట్లేదా ఏంటి,” అని అక్క నవ్వింది.

గురువారం సాయంత్రం పామర్రు చర్చిలో పన్నెండు మందీ పీఠం ముందు వరుసగా కూర్చున్నారు. ఫాదర్ గారు ఒక్కొక్కరి ముందు మోకరించి కుడి పాదం కడుగుతూ వస్తున్నారు. అక్క దగ్గరికి వచ్చేసరికి, పాపం, మంచి మనసుతోనే ఆమె ఎడమ పాదం కోసం చెయ్యి చాపారు.

అక్క ఎడమ కాలు వెనక్కి తీసుకుంది. చీర కొంచెం పైకి ఎత్తి కుడి పాదం ముందుకు పెట్టింది.

“ఇదీ నాదేనండి ఫాదర్ గారూ.”

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశారు. తర్వాత ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నీళ్ళు పోశారు. వేళ్ళ సందుల్లో కూడా కడిగారు. తెల్లటి తువ్వాలుతో గట్టిగా తుడిచి, వంగి ముద్దు పెట్టుకున్నారు. తువ్వాలుకు చుక్క రంగు అంటలేదు.

అక్క రాణీలా తలెత్తి కూర్చుంది. నా పక్కన కృప రెండు చేతులతో నోరు మూసుకుని ఏడుస్తోంది. చర్చిలో మాట్లాడకూడదని నాకు తెలుసు. అయినా ఆగలేక, ముందు వరుసలో పెద్దాయన భుజం తట్టి, నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా చెప్పాను.

“ఆ పెయింట్ మా అమ్మాయి వేసిందండీ.”