మలెవి నీళ్ల పలక

ఉలి మొన నీళ్లలో ముంచి, అబ్రతో మళ్లీ రాతి పలక మీదికి వంగాడు. నడుము పట్టేసింది. అయినా ఎండ ముదిరేలోగా పోయినవాళ్ల ఆకలికని చెక్కే రొట్టెల బొమ్మలు పూర్తిచేయాలి. ఆ తర్వాత రాయి మీద చెయ్యి పెట్టలేం.

పలక నడుమ చిన్న తొట్టి. దానికి ఒకవైపు నక్కతల దేవుడు, మరోవైపు అమ్మవారు, ఇద్దరి చేతుల్లోని కూజాల నుంచి నీళ్లు ధారకట్టి పడుతున్నట్టు బొమ్మలు. సమాధి గుమ్మంలో ఇలాంటి పలక పెట్టి ఇంటివాళ్లు రోజూ నీళ్లు పోస్తారు. అవి అంచు మీద చెక్కిన పేరును తడుపుకుంటూ పారితేనే పోయినవాళ్ల దాహం తీరుతుంది. పేరు లేని పలక మీద పోసిన నీళ్లు ఇసుకపాలే.

అబ్రతో బతుకంతా ఊళ్లో గొప్పవాళ్ల దాహం తీర్చడానికే సరిపోయింది. కనుబొమల్లో ఎప్పుడూ రాతిపొడి. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు, చిన్నప్పుడే సుత్తి కింద పోయింది. తండ్రి కాలంలో ఈ వాకిట్లో అడుగు పెట్టడానికి చోటుండేది కాదు, అన్ని పలకలు. మెరోయె నగరం మీద ఇనుప కొలుముల పొగ మబ్బులా ఉండేది. ఆ కొలుములు చుట్టుపక్కల తుమ్మచెట్లన్నీ తిని చల్లారిపోయాయి. మిగిలినవి ఇనుము తీసేయగా మిగిలిన చిట్టెపురాళ్ల గుట్టలు. గొప్పవాళ్లు ఒక్కొక్కరే ఊరు విడిచారు. గుడి ముంగిట్లో ఇప్పుడు బయటినుంచి వచ్చిన నోబా కాపరులు మేకల్ని కడుతున్నారు. రాత చదవగలిగిన పూజారుల్లో చివరి ఆయన కూడా కిందటి వరదలప్పుడు కన్నుమూశాడు. ఆ అక్షరాలు చెక్కడం మాత్రం అబ్రతోకి తండ్రి నేర్పిపోయాడు గనక వచ్చు.

ఈ రాయి అతని భార్య మలెవిది. పెళ్లయిన కొత్తలో గని దగ్గర ఏరి, ఎద్దుబండి మీద తెచ్చి, "ఇది నీకే" అన్నాడు. చెక్కుదామనుకున్నప్పుడల్లా ఎవరో ఒక పెద్దమనిషి పోయేవాడు, పని వచ్చిపడేది. ముందు వాళ్ల సంగతి చూడమనీ, తనెక్కడికీ పారిపోవడం లేదనీ మలెవి నవ్వేది. ఆ రాతి మీదే ఖర్జూరాలు ఆరబెట్టేది, దాని మీదే కూర్చుని జొన్నలు చెరిగేది. పిల్లలు దక్కలేదు. పోయాక తనకు నీళ్లెవరు పోస్తారన్న బెంగ ఆమెకి ఉండేది. నేనున్నాగా అనేవాడు అబ్రతో. అతనే ముందు పోతే ఏమిటన్నది ఇద్దరూ ఎత్తేవారు కాదు.

మంచాన పడి, చూపు కూడా మందగించి, మలెవి రేపో మాపో అన్నట్టున్న సమయంలో దండనాయకుడి తల్లి బెకెయె పోయింది. మూలిగే నక్క మీద తాటిపండు పడినట్టయింది. గని నుంచి అంత దూరం రాయి లాగడానికి ఊళ్లో ఎద్దులు లేవు, మంచి రాయి అన్నది ఈ వాకిట్లో తప్ప ఎక్కడా లేదు. దండనాయకుడి మనిషి, వయెకి అనేవాడు, వచ్చి రాయిని చూశాడు, అబ్రతోని చూశాడు. అడగలేదు, చెప్పి వెళ్లాడు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా?

మొదటి సుత్తి దెబ్బ పడగానే లోపల మలెవి మొహం విప్పారింది. తన పలకే అనుకుంది. అబ్రతో కాదని చెప్పకుండా సుత్తి ఎత్తి కొట్టుకుంటూ పోయాడు.

"ఏమయ్యా, రొట్టెలు చెక్కుతున్నావా?" లోపలినుంచి పీలగా అడిగింది.

"ఆఁ."

"కాస్త మెత్తగా చెక్కు. పళ్లు లేనిదాన్ని."

అబ్రతో ఉలి మొన మళ్లీ నీళ్లలో ముంచాడు.

రొట్టెలు పూర్తయ్యాక, ఎండ ముదరకముందే ఆమెకి జొన్నజావ పట్టాడు. రెండు గుటకలు మింగి, పలకని ఒకసారి ముట్టుకుంటానంది. వద్దంటే వినలేదు. చేతుల మీద ఎత్తుకుని వాకిటి పందిట్లోకి తెచ్చి పలక పక్కన చాప మీద పడుకోబెట్టాడు. బరువే లేదు మనిషి. ఆమె వేళ్లు రాతి మీద మెల్లగా పాకాయి. నక్క చెవులు బాగా కుదిరాయంది. అంచు మీద మొక్కు మాటల గాట్లు తడిమింది. అవి అయిపోయిన చోట నున్నటి రాయి తగిలి వేళ్లు ఆగాయి.

"ఇక్కడేం లేదేంటి?"

అది బెకెయె పేరుకి వదిలిన చోటు.

"నా పేరు మర్చిపోయావా ఏంటి, ముసలోడా?"

"పేరు ఆఖర్నే కదా చెక్కేది."

"అయితే చెక్కు మరి. వింటా."

అబ్రతో ఉలి తీశాడు. బెకెయె పేరు చెక్కుతూ పైకి మరో పేరు చెప్పినా ఆమెకి తెలియదు. అసలు ఈ ఊళ్లోనే ఎవరికీ తెలియదు. మలెవి పేరే చెక్కినా ఎవరూ చదవలేరు. ఉలి మొన రాతికి ఆనించి, గట్టిగా పలుకుతూ కొట్టాడు.

"మలెవి."

"ఊఁ."

"తకెదె కన్న బిడ్డ."

"మా అమ్మ." ఆమె కళ్లు మూసుకుంది. దాహమేస్తోందంది. మట్టిముంతలో నీళ్లు పెదవులకి అందించాడు. ముంత అంచు వేళ్లతో పట్టుకుని ఒక్క గుక్క తాగి, చాలంది. నాన్న పేరు మరవొద్దని గుర్తుచేసింది.

నాన్న పేరు చెక్కాడు. ఇదుగో అయిపోయిందని పైకే చెప్పాడు. ఆమె ఊఁ అనలేదు. తలెత్తి చూశాడు. గుండెల మీద గుడ్డ కదలడం లేదు.

అలాగే కూర్చుండిపోయాడు. ఎండ పందిట్లోంచి జరిగి గోడెక్కింది. పేరు చెరిపి మళ్లీ చెక్కడానికి ఇంకా పొద్దుంది, రాయికి మందమూ ఉంది. చెరపకపోతే ఏ పాపమూ ఎరగని బెకెయె దాహంతో అల్లాడుతుంది. ఆవిడ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. ఉలి ఎత్తాడు. దించాడు. ఇంకోసారి ఎత్తి, మలెవి పేరు మీద ఆనించి, భోరున ఏడ్చాడు. ఉలి పక్కన పెట్టేశాడు. ఆ ఉసురు తనకే తగలనీ అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా వయెకి గాడిదబండి తోలుకొచ్చాడు, ఇద్దరు కూలీలతో. పలక చుట్టూ తిరిగి, చెక్కిన గాట్ల మీద వేలు పెట్టాడు.

"ఇదేనా మామా, పేరు?"

"అదే."

"మాకెట్టా తెలుస్తుందిలే. నీ మాటే వేదం." చాపకేసి చూసి గొంతు తగ్గించాడు. "అత్త నిద్రపోతోందా?"

అబ్రతో తలూపాడు. "నీళ్లు రోజూ పోస్తారా?"

"భలేవాడివే, మామా. దండనాయకుడి ఇల్లాయె. పొద్దున్నే నీళ్లు, పండగలకి పాలు. ఆయన పిల్లలు, వాళ్ల పిల్లలు, ఎవరో ఒకరు పోస్తూనే ఉంటారు."

కూలీలు పలకని ఎత్తి బండిలో గడ్డి మీద పెట్టారు. బండి తూర్పున సమాధుల గుట్టకేసి కదిలింది. చక్రాల చప్పుడు వినబడినంతసేపు అబ్రతో వాకిట్లో నిలబడి, తర్వాత వచ్చి మలెవి పక్కన కూలబడ్డాడు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

చాప పక్కన ఆమె తాగి వదిలిన మట్టిముంత ఉంది, అంచు మీద వేళ్లు తాకినంత మేర తెల్లటి రాతిపొడి, అడుగున గుక్కెడు నీళ్లు.