నూకరత్నము మంకు

ఆషాఢమేఘములు శారదానదీతీరమందలి చెఱకుతోటలపై నల్లకంబళివలె వ్రాలి మధ్యాహ్నమును సైతము మునిమాపుగా మార్చుచుండ జగ్గారావు మాస్టరు తడిసిన గొడుగు ముడిచి ఆసుపత్రిలో తన చెల్లెలు నూకరత్నమును వైద్యురాలి యెదుట బల్లపై కూర్చుండఁబెట్టెను. నలువదియొక్క యేండ్ల యామె పుట్టుకతోనే మందబుద్ధి. అక్షరములు పట్టువడలేదుగాని మల్లెమొగ్గల నల్లుటయందును ఇంటిల్లిపాదిని నవ్వించుటయందును ఆమెకు సాటి లేకుండెను. అట్టి నూకరత్నము నాలుగు నెలలుగా దారము ముట్టదు; బలవంతముమీఁదగాని ముద్ద మ్రింగదు; మూలఁ గూర్చుండి కానరానివారిని క్షమింపుమని వేడుచుండును. ఇంటివారు దీనికెల్ల మంకు అని పేరు పెట్టిరి. ముప్పదియేండ్లు మంకుపిల్లలను దారికిఁ దెచ్చిన మాస్టరు ఆమెను గద్దించి చూచి పిమ్మట పలుకరించుటయే మానెను.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని వైద్యురాలడిగెను.

"పుట్టుకతోనేనండి."

"పుట్టుకతోనే అన్నం మానేసిందా మాస్టారూ? నవ్వడం కూడానా?"

"లేదండి. అవి నాలుగు నెలలనుంచి" అని మాస్టరు ఒప్పుకొనెను.

"బుద్ధి ఎదగకపోవడం రోగం కాదు, అది ఆమె తీరు. ఇది నడుమ వచ్చిన మనోవ్యాధి. దీనికి మందుంది. మొదటిదాని చాటున రెండోది మీకు కనబడలేదు" అని వైద్యురాలు నూకరత్నమువైపు వంగి "ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అనెను.

"అమ్మతోటి. పాలొలకబోసీసినానని అలిగి ఊరెల్లిపోనాది. అక్కడినుంచే తిడతంది. తిండి మానేస్తే వస్తాదేమో."

తల్లి ఫాల్గునమున మరణించెను. దీనికేమి తెలియునని పాడె లేచువేళ నూకరత్నమును పొరుగింటికిఁ బంపి అమ్మ ఊరెళ్లినదని చెప్పినవాఁడు మాస్టరే.

ఆతఁడామె చేయి పట్టుకొనెను. "నూకా, అమ్మ ఊరెళ్లలేదమ్మా. చచ్చిపోయింది."

ఆమె తలయెత్తి అన్నను చూచెను. "నా మీద కోపంతోనేటి?"

"కాదమ్మా. గుండెజబ్బుతో."

"మరందరికీ పాటాలు సెప్తావు గదా అన్నియ్యా, నాకిదెందుకు సెప్పనేదు?"

అంతట నూకరత్నము వసారాలోని రోగులెల్లరు తిరిగి చూచునట్లు బావురుమనెను. ఊరుకొమ్మను మాట పెదవులదాక వచ్చెనుగాని, నాలుగు నెలల క్రిందట ఆమెకు దక్కకుండ తాను దాఁచిన యేడ్పు అది యని యెఱిఁగిన జగ్గారావు ఆ మాటను మ్రింగి ఆ చేయి విడువక నిలువఁబడెను.