రైలు వేళ

చెవి మిషను తీసి చొక్కా జేబులో పెట్టుకోవడమే మాస్టారు చేసిన తప్పు. రైల్వే ఆఫీసు రికార్డు గదిలో పంకా కీచుమంటోంది. మిషను ఆ కీచును పదింతలు చేసి చెవిలో పోస్తోంది. దాన్ని తీసేశాక ప్రాణం కుదుటపడి, వెనక అల్మారాల సందులో నిచ్చెన మీద కూర్చుని రిజిస్టర్లలో పడిపోయాడు. శనివారం కనుక ఒంటిగంటకే గుమస్తా గుమ్మంలో నిలబడి "మాస్టారూ, ఉన్నారా?" అని ఒకటికి రెండుసార్లు పిలిచే ఉంటాడు. జవాబు రాకపోయేసరికి పంకా ఆపి, తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

రెక్కలు ఆగడం చూసి కరెంటు పోయిందనుకున్నాడు మాస్టారు.

ఉక్క పెరిగాక లేచి తలుపు లాగాడు. తోశాడు. భుజం ఆనించి మళ్లీ తోశాడు. ఇనుప తలుపు చలించలేదు. ఫోను, గది నిబంధన ప్రకారం, బయట గుమస్తా సొరుగులో ఉంది. ఉన్న ఒక్క కిటికీకి వేలెడు మందం చువ్వలు. సోమవారం పొద్దున్నే లారీ వచ్చి ఈ రిజిస్టర్లన్నిటినీ కాగితపు మిల్లుకు తోలుకుపోతుంది. అంటే తలుపు తెరుచుకునేది కూడా అప్పుడే.

నిజానికి ఆయన ఇరుక్కుపోయింది ఈవేళ కాదు. ముప్పై రెండేళ్ల కిందట, తన పుస్తకం ఇరవై మూడో పేజీలో.

కాలేజీలో లెక్కలు చెప్పుకుంటూనే, ఎప్పుడో ఎత్తేసిన పాత రైలుదారి చరిత్ర రాశాడాయన. అందులో ఒక ప్రమాదం ఉంది. పట్టాల మధ్య చక్రం ఇరుక్కున్న ఎడ్లబండిని తొమ్మిదిన్నర రైలు గుద్దింది. బండివాడు పోయాడు. గేటు పది నిమిషాల ముందే వేశాననీ, ఎర్రజెండాతో రైలుకు ఎదురు పరుగెత్తాననీ గేటు కాపలాదారు మొత్తుకున్నాడు. ఎదురుగా ఉన్న మిల్లు తోటమాలి మాత్రం, గేటు పడినప్పుడు మిల్లు గడియారంలో తొమ్మిదీ ముప్పై ఒకటి అయిందన్నాడు. ఆ ఒక్క సాక్ష్యంతో కాపలాదారు ఉద్యోగం ఊడింది. "ప్రమాదం జరిగాక గేటు వేసి, ముందే వేశానని బొంకాడు" అని మాస్టారు కూడా నిశ్చింతగా రాసేశాడు.

పుస్తకం ఇంటికొచ్చిన రోజు భార్య ఆ పేజీ దగ్గర ఆగింది.

"ఏమండీ, ఈ గేటాయన మా తాత. ఆయన రైలు వేళకే వేశాడండీ. పోయేదాకా అదే మాట అన్నాడట."

"అదేగా తప్పు! రైలొచ్చే వేళకా గేటు వేసేది?" అని నవ్వాడు మాస్టారు.

ఆమె నవ్వలేదు. మళ్లీ ఆ ఊసూ ఎత్తలేదు. ఆయన రికార్డు గదులకు బయల్దేరిన ప్రతిసారీ సంచిలో రెండు పెన్సిళ్లు మాత్రం చెక్కి పెట్టేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. రెండో ముద్రణకు అచ్చు ప్రతులు దిద్దుతూ ఇరవై మూడో పేజీ దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. సోమవారానికల్లా ప్రెస్సుకు ఇవ్వాలి. అందుకే మళ్లీ ఈ గదికొచ్చాడు.

చెవి మిషను పెట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. బయట చీపురు చప్పుడు.

"అమ్మా! ఇటు! లోపలుండిపోయాను!"

ఊడ్చే ఆవిడ తలెత్తి చూసి నోరు నొక్కుకుంది. "ఓరి దేవుడో! ఈ వయసులో జైలు సరదా ఏంటి తాతగారూ?"

"సరదా తీరిపోయిందమ్మా. గుమస్తా ఉన్నాడా?"

"బస్సెక్కేశాడు. ఇంకో తాళంచెవి కూడా ఆయన మొలతాడుకే ఉంటది. ఆఫీసు ఫోనులో కబురు పెట్టిస్తాలెండి. మీరు కంగారుపడి కళ్లు తిరిగి పడకండి, నేను ఎత్తలేను."

చువ్వల సందులోంచి తన నీళ్ల సీసా అందించింది. ఆ నీళ్లు చల్లగా ఉన్నాయి. ఇంత ఉక్కలో ఎవరో తన కోసం దాచిపెట్టినట్టు అనిపించింది ఆయనకు.

గది పొడవు పన్నెండు అడుగులు. రెండుసార్లు కొలిచాడు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుంటే, కళ్లకు పని చెప్పడానికి కింది అరలో మిగిలిన రిజిస్టరు లాగాడు. గడియారాల పుస్తకం. మిల్లుకు సరుకు పెట్టెలు అప్పగించడంలో పేచీ రాకుండా స్టేషను మాస్టరు రోజూ పొద్దున మిల్లు గడియారాన్నీ స్టేషను గడియారాన్నీ పోల్చి రాసుకున్న లెక్క. పేజీకి రెండు గళ్లు. ఒకదాని మీద "మిల్లు వేళ". రెండోదాని మీద "రైలు వేళ".

మాస్టారు పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు తెచ్చుకున్నాడు.

ప్రమాదం నాటి వరస వెతికాడు. రైలు వేళ, ఏడు గంటలు. మిల్లు వేళ, ఏడూ పదకొండు. ఊరు తన పొద్దు లెక్కనా, రైళ్లు తమ లెక్కనా నడిచిన కాలం అది; అప్పటికే ఊరంతా రైలు గడియారానికి మారిపోయిందని తనెలా అనుకున్నాడో! మిల్లులో తొమ్మిదీ ముప్పై ఒకటంటే, స్టేషనులో తొమ్మిదీ ఇరవై. సరిగ్గా పది నిమిషాల ముందు.

రైలు వేళకే వేశాడండీ.

లెక్కల మాస్టారికి ఒక్క తీసివేత చెప్పిందామె. ఆయన నవ్వాడు.

సంచిలోంచి పెన్సిలు తీసి ఆ పేజీని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశాడు.

తాళం చప్పుడయ్యేసరికి ఎండ గోడెక్కింది. గుమస్తా రొప్పుతూ వచ్చాడు, మూతికంటిన మజ్జిగ కూడా తుడుచుకోలేదు. "క్షమించండి మాస్టారూ! రండి, బయటికి రండి."

"ముందు నువ్వు లోపలికి రా. అసలుతో సరిచూసి ఈ నకలు మీద సంతకం పెట్టు. లేకపోతే నా మాటే అవుతుంది. వట్టి మాట ఎవరు వింటారు?"

"సోమవారం చూద్దాం సార్."

"సోమవారం లారీ."

"ఇప్పుడు ఆఫీసు వేళ కాదు కదండీ!"

"అయితే తాళం వేసుకుని వెళ్లు. నేనిక్కడే ఉంటా."

గుమస్తా ఆయన మొహం చూశాడు. కాలేజీలో తనను లెక్కల్లో రెండుసార్లు తప్పించిన మొహం అదే. బల్ల ముందు కూర్చుని, అంకె అంకెకూ వేలు పెట్టి సరిచూసి, సంతకం చేశాడు. రిజిస్టరును లారీ గుట్టలోంచి తప్పించి తన సొరుగులో పెట్టుకున్నాడు. తేదీ వేసి చేతిగడియారం చూసుకున్నాడు.

"మూడూ నలభై అని రాయనా సార్?"

"రాయి. ఏ గడియారం చూశావో కూడా రాయి నాయనా," అన్నాడు మాస్టారు.