నిప్పు చూడని పాలు

పాలు గిన్నెలో పడితే ఒక చప్పుడు. మట్టిలో పడితే ఇంకో చప్పుడు.

గిన్నెలో అయితే ముందు టంగుమంటుంది. తర్వాత నురగ లేస్తుంది... ఆ నురగలోకి ధార దిగబడి బుస్సుమంటుంది. మట్టి మాత్రం ఏమీ అనదు. నోరు తెరిచి మింగేస్తుంది, అంతే.

మహాద్ నాలుగు నెలలుగా ఆ రెండో చప్పుడే వింటున్నాడు.

ఒంటికాలి మీద నిలబడతాడు. రెండో పాదాన్ని మోకాలికి ఆనించి, ఆ తొడ మీద గిన్నె నిలిపి పితకడం అతని పద్ధతి. ఇప్పుడు గిన్నె గుడిసెలోనే ఉంటుంది. అయినా కాలు దానంతటదే లేస్తుంది. అరవై రెండేళ్ళ కాలు — దానికి కొత్తగా బుద్ధి చెప్పడం ఎవరి తరం?

సర్బ్ కాలం ఇది. మూడు నెలలు కొండను కప్పేసిన పొగమంచు వెళ్ళిపోయింది. జల్లు ఆగింది. బండల సందుల్లో కూడా పచ్చిక మొలిచింది. మైదానంలో తలదాచుకున్న ఒంటెలన్నీ మళ్ళీ కొండెక్కాయి. కింద సలాలా పట్నం నుంచి జనం కార్లేసుకుని వస్తారు ఈ రోజుల్లో, పాలు తాగడానికి. ఈ కొండ మీద పాలు అమ్మరు. అడిగినవాడికి పోస్తారు. అడగనివాణ్ణి ఆపి మరీ పోస్తారు.

మహాద్ గుడిసె ముందు మాత్రం కారు ఆగదు.

మొదట్లో ఆగేవి. అతను బయటికొచ్చి ఒకటే మాట చెప్పేవాడు.

"ఎండిపోయాయి నాయనా."

అతని వెనకాలే తొమ్మిది ఒంటెలు. పొదుగులు నిండి, చన్నులు ఉబ్బి. అబద్ధం ఆడటానికి కూడా కాస్త చోటు కావాలి కదా, అతనికి ఆ చోటు కూడా లేదు.

"మహాద్ పొదుగులకు తాళాలేశాడురోయ్. తాళంచెవి మొలకు కట్టుకుని పడుకుంటున్నాడంట."

అవతలి వాలులో నవ్వులు. అతనికి వినబడాలని నవ్విన నవ్వులు.

వినబడ్డాయి. నొప్పి పుట్టింది.

ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం అనుకునేవాడు మహాద్. కాదట. పక్క కొండ మీద మనుషులుంటారు, మంటలుంటాయి, పాటలుంటాయి... తన గుడిసె వైపు తిరిగిన ముఖం ఒక్కటీ ఉండదు. అదీ ఒంటరితనం.

అంతా చలికాలంలో మొదలైంది.

హమ్రా ఈసుకుపోయింది. ఎర్ర ఒంటె, మందలో అన్నిటికంటే మంచిది, అతని గొంతు వింటే తల తిప్పేది. నెలలు నిండకుండానే దూడను కిందేసింది. ఊపిరి లేని దూడ.

రోజంతా అరిచింది హమ్రా. మర్నాడూ అరిచింది. పొదుగు రాయిలా గట్టిపడింది, చేపదు. ముట్టుకోనివ్వదు.

మహాద్ ఉండలేకపోయాడు. తాతలు చేసిన పనే చేశాడు. దూడ తోలు ఒలిచాడు. వట్టి చేతులతో... వేలికి ముల్లు గీరిన గాయం ఉంది, లెక్కచేయలేదు. ఆ తోలులో ఎండుగడ్డి కూరి, కుట్టి, నాలుగు కర్రల మీద తల్లి ముందు నిలబెట్టాడు.

హమ్రా వాసన చూసింది. నాకింది. మళ్ళీ నాకింది.

చేపింది.

ఆ తెల్లటి ధార చూసి మహాద్‌కి కళ్ళు చెమర్చాయి. మిగతా ఒంటెలు కూడా ఒక్కొక్కటే వచ్చి ఆ గడ్డి దూడను మూతితో తడిమి పోయాయి. అతను చూస్తూ నిలబడ్డాడు. ముచ్చటపడ్డాడు.

మూడో రోజు తుఫూల్ వచ్చింది.

తుఫూల్ అతని మేనకోడలు. తల్లి పోయాక ఈ గుడిసెలోనే పెరిగింది. మహాద్‌కి పిల్లలు లేరు, భార్య ఏనాడో పోయింది. ఆ పిల్లకు ఇదే పుట్టిల్లు, అతనికి ఆ పిల్లే ఇల్లు. పెళ్ళయిన కొత్త. కడుపుతో ఉంది, నాలుగో నెల. హమ్రా పాలు, మొదటి గిన్నె, నురగ చెదరకముందే ఆమె చేతికిచ్చాడు.

గుక్క తిప్పుకోకుండా తాగింది. పై పెదవికి నురగ అంటుకుంటే ఇద్దరూ నవ్వుకున్నారు.

రోగానికి కాళ్ళు లేవు. తోలు మీదుంది, వేలి గాయంలోకి దిగింది. పొదుగులో ఉంది, గిన్నెలోకి వచ్చింది. ప్రతి మలుపులోనూ దాన్ని మోసింది మహాద్ చేతులే. ప్రేమగా మోశాయి. అదే అతన్ని లోపల్లోపల తినేస్తోంది.

ముందు అతనికే వచ్చింది జ్వరం. పొద్దున్నే దిగేది... సాయంత్రానికి ఎక్కేది. ఒళ్ళంతా చెమట. నడుము కదలనిచ్చేది కాదు. ఎవరి కళ్ళో పడ్డాయనుకున్నాడు. సాంబ్రాణి పొగ పట్టాడు. ఇనుము ఎర్రగా కాల్చి వీపు మీద వాతలు పెట్టించుకున్నాడు. జ్వరం నాలుగు రోజులు ఊరుకుని, వాతలు మానకముందే మళ్ళీ వచ్చింది.

తర్వాత తుఫూల్ ఫోను.

"మావయ్యా... హమ్రాకి ఒంట్లో బాగుందా?"

ఆ పిల్ల గొంతు అలా ఎప్పుడూ వినలేదు అతను.

"కడుపు పోయింది మావయ్యా. ఆరో నెల. పచ్చి పాల నుంచి వచ్చిన రోగమన్నాడు డాక్టరు. ఎవరింటి పాలు అని అడిగాడు."

"ఏమన్నావు?"

"బజారు పాలన్నాను."

అత్తింట్లో ఆ మాట కూడా చెప్పలేదు. కారణం తేలలేదంది. డాక్టరిచ్చిన మాత్రలు రక్తం పట్టడానికని చెప్పి మింగింది. కొండ మీద ఒక ఇంటి పాలకు చెడ్డపేరు వస్తే ఆ ఇల్లు ఉన్నా లేనట్టే. అది తెలిసిన పిల్ల.

పశువుల డాక్టరును అతనే పిలిపించాడు. ఈ కొండ కుర్రాడే. రక్తం తీసుకుపోయి, మళ్ళీ వచ్చి, ముఖం చూడకుండా చెప్పాడు. ఈసుడు రోగం, పశువులకు కడుపులు జారిపోయే జబ్బు. తొమ్మిదింటిలో నాలుగింటికి ఉంది. వాటిని ముళ్ళకంచెలో వేరుగా పెట్టాలి. తర్వాత ఏమిటన్నది పైనుంచి కబురొస్తుంది.

"మిగతావాటి పాలైనా కాచి తాగు పెదనాన్నా. కాస్తే రోగం పురుగు చచ్చిపోద్ది."

"పాలు నిప్పు చూస్తే పొదుగు ఎండిపోదూ?"

"ఎండదు. మా అమ్మా ఇదే పాట. కాచి చూపించాను, ఎండలేదు. ఇప్పటికీ నమ్మదు." సంచి సర్దుకుంటూ అన్నాడు. "నేను నీ పేరు ఎవరికీ చెప్పను. చలికాలంలో నీ పాలు తాగినవాళ్ళకి మాత్రం నువ్వే చెప్పు. రక్తం చూపించుకోమను."

మహాద్ తల ఊపాడు.

రెండు రకాల మాత్రలు మింగాడు, ఆరు వారాలు. మూత్రం నారింజ రంగులో పోతే భయపడి చచ్చాడు. మందు వల్లేనని ఆ కుర్రాడు ఫోనులో నవ్వాడు. జ్వరం పోయింది.

చెప్పడం మాత్రం — రేపు చెప్తాననుకున్నాడు.

కాచిన పాలు రోగులు తాగుతారు. వచ్చినవాళ్ళకు కాచినవి పెడితే గడప దగ్గరే తిట్టి పంపినట్టు. అందుకని కాయలేదు. పచ్చివి ఇవ్వలేదు. గొయ్యి తవ్వి పోశాడు, మట్టి కప్పాడు. పిసినారి అన్నారు. అననీ అనుకున్నాడు. పిసినారి అన్న పేరు కొన్నాళ్ళకు పోతుంది. రోగపు పాల ఇల్లన్న పేరు పోదు.

పిరికితనమే అది. అతనికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం ఎండ మెత్తగా ఉంది. ఒక కారు... పైకొచ్చింది. ఆగింది.

మహాద్ గుండె లేచి నిలబడింది. ఎన్నాళ్ళకో ఆగిన కారు.

ముందు దిగింది ముజ్నా, తుఫూల్ అత్తగారు. మనిషి సన్నం, మాట పదును. తర్వాత కొడుకు సుహైల్. చివర తుఫూల్. వచ్చి మావయ్య నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. చిక్కిపోయింది. నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడిన తీరు చూస్తే మహాద్‌కి అర్థమైంది.

"మూడో నెల," అంది ముజ్నా. "ఈసారైనా నిలుస్తుందో లేదో. ఈ పిల్ల కడుపులోనే ఏదో ఉంది అన్నా. మా వాళ్ళంతా అదే మాట. ఇది కూడా జారిపోతే సుహైల్‌కి ఇంకో సంబంధం చూడక తప్పదు. నేను చెడ్డదాన్ని కాదు. నాకు ఒక్కడే కొడుకు."

సుహైల్ నేల చూశాడు. తుఫూల్ ఒంటెలను చూసింది.

"అందుకే తీసుకొచ్చాను. కొండ పాలు పడితే కడుపు గట్టిపడుద్దంటారు. పుట్టింటి పాలు ఇంకా మంచివి. ఒక గిన్నె పొయ్యి, నిప్పు చూడనివి, నురగతో."

"ఎండిపోయాయి," అన్నాడు మహాద్.

అలవాటుగా వచ్చేసింది.

ముజ్నా కంచె వైపు చూసింది. హమ్రా పొదుగు వైపు చూసింది. తర్వాత అతని వైపు.

"విన్నాను అన్నా. నమ్మలేదు. కడుపుతో ఉన్న నీ పిల్లకు కూడానా?"

గాలి పచ్చిక మీంచి పోయింది.

"సుహైల్. గిన్నె తీసుకెళ్ళి నువ్వు పితుకు. ఈయన చేతులు ముడుచుకుపోయినట్టున్నాయి."

సుహైల్ సిగ్గుపడుతూనే కంచెలోకి, హమ్రా దగ్గరికి వెళ్ళాడు. ఆపాలి. ఆపితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే... ఈ గుడిసె పేరు, తాతల నాటి పేరు, ఈ గిన్నెలో తాగి దీవించి పోయిన వందల నోళ్ళు... అన్నీ ఒక్క మాటతో పోతాయి.

ధార గిన్నెలో పడటం మొదలైంది. ఆ చప్పుడు ఎంత బాగుందో, ఆ క్షణంలో కూడా. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గిన్నె నిండింది. తుఫూల్ రెండు చేతులతో అందుకుంది.

మావయ్య వైపు ఒక్కసారి చూసింది. ఏమీ అడగని చూపు. చెప్పొద్దు అనే చూపు. తాగుతుందో, తాగినట్టు నటిస్తుందో అతనికి తెలియలేదు. గిన్నె పైకి లేచింది. పెదవి దాకా వెళ్ళింది.

"తాగకు."

తన గొంతేనా అది?

"తాగకు తల్లీ. కింద పెట్టు." ముజ్నా వైపు తిరిగాడు. "హమ్రాకి ఈసుడు రోగం ఉంది. ఇంకో మూడింటికీ ఉంది. నాకూ వచ్చింది. చలికాలంలో ఈ పిల్లకి మొదటి గిన్నె నేనే పోశాను. ఆ బిడ్డ పోయింది దానివల్ల. ఆ పిల్ల కడుపులో ఏ దోషమూ లేదు. డాక్టరు చెప్పాడు, పిల్లకి తెలుసు. నా పేరు పోతుందని నోరు మూసుకుని, మీ అందరి చేతా మాటలు పడింది."

ఊపిరి తీసుకున్నాడు.

"అప్పుడు ఇక్కడ తాగినవాళ్ళు చాలామంది ఉన్నారు. కింద అందరికీ చెప్పండి. రక్తం చూపించుకోమనండి. మహాద్ చెప్పమన్నాడని చెప్పండి."

సుహైల్ తన చేతులు చూసుకున్నాడు. వంగి పచ్చికకేసి రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

"అలా పోదు నాయనా. సబ్బు అదిగో, డ్రమ్ము పక్కన. బాగా కడుక్కో."

ముజ్నా కోడలి వైపు చూసింది, కొత్త మనిషిని చూసినట్టు. వెళ్ళి గిన్నె అందుకుని నేల మీద పెట్టింది. తుఫూల్ మణికట్టు పట్టుకుంది.

"పదమ్మా," అంది.

అమ్మా అంది. మహాద్ విన్నాడు. ఇంతవరకూ 'ఈ పిల్ల' తప్ప ఇంకో మాట లేని నోరు.

అంత గట్టిగా ఉండాలనుకున్నవాడు ఆ ఒక్క మాటకు కరిగిపోయాడు. అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

తుఫూల్ మాత్రం కదల్లేదు.

"ఎందుకు చెప్పావు మావయ్యా?"

కోపం. చిన్నప్పుడు కూడా ఆ పిల్ల అతని మీద కోపగించుకోలేదు.

"నేను తాగేదాన్ని కాదు. పెదవికి ఆనించి దించేసేదాన్ని. నాకు తెలీదా? మాటలంటావా, పడుతూనే ఉన్నానుగా, ఇంకొన్నాళ్ళు పడేదాన్ని." గుడిసె వైపు చూసింది. "ఇప్పుడు నన్ను ఇక్కడికి ఎవరు రానిస్తారు?"



ఆమె ఒక అడుగు అతని వైపు వేసింది. వెళ్ళేముందు కూడా నుదురు ముద్దు పెట్టుకోవడం అలవాటు. ముజ్నా పట్టు వదల్లేదు. మెత్తగానే పట్టుకుంది, కానీ వదల్లేదు. మనిషి నుంచి మనిషికి అలా అంటదని చెప్దామనుకున్నాడు మహాద్. అప్పటికే కారు తలుపు పడింది.

వెనక అద్దంలో తుఫూల్ ముఖం ఇటు తిరిగి ఉందో అటు తిరిగి ఉందో ఎండ మెరుపులో తెలియలేదు. చెయ్యి ఎత్తాడు. చూసిందో లేదో.

కారు వంపు తిరిగింది. వేరే కాలమైతే దుమ్ము లేచేది. ఆ దుమ్మును బట్టి కింద మైదానం దాకా, సముద్రం అంచు దాకా, కారు ఎక్కడుందో చూస్తూ నిలబడవచ్చు.

సర్బ్‌లో కొండంతా తడి. దుమ్ము లేవదు.

మహాద్ అక్కడే నిలబడి దారి వైపు చూశాడు... పచ్చగా ఉంది, అంతా పచ్చగా.