ఒక్క వేలితో తిరిగే స్టీరింగు

మా ఎర్రబండికి రెండే సీట్లు. ఒకటి మా ఆయనది, రెండోది నాది. నలభై ఏళ్ళు కూర్చునేసరికి నా సీటు నాకు అచ్చుపోసినట్టు గుంట పడింది. అలాంటి బండిని అమ్మేస్తానన్నారు ఆయన.

కారణం భుజం నొప్పి. పాతకాలం స్పోర్ట్స్ కారు మరి, స్టీరింగు తిప్పడమంటే బావిలో పడ్డ ఏనుగును పైకి లాగడమే. మలుపు వస్తే ఆయన సీట్లోంచి సగం లేచేవారు, నేను కళ్ళు మూసుకునేదాన్ని.

నాకు దేన్నీ సాగనంపడం చేతకాదు. పాత స్టవ్వును పట్టుకెళ్ళిన రోజు కూడా గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. మీటరు చూసుకుని వెళ్ళే కరెంటు మనిషికీ ఊపుతాను. పాపం, పిలుస్తున్నాననుకుని వెనక్కొస్తాడు.

బండి మీద కన్నేసింది పళ్ళ డాక్టరు. ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆ మాట విని, కార్ల షెడ్డు నడిపే మా తమ్ముడు అడ్డుపడ్డాడు.

"బావా, ఆ పాత స్టీరింగు పెట్టె పీకేసి కొత్త రకం కడ్డీ బిగిస్తా. ఒక్క వేలితో తిప్పొచ్చు."

"నీ మాటలు కోటలు దాటతాయి రా," అన్నారు ఆయన. "సరే. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఒక్క చేత్తో వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చానా, అమ్మను. లేదా, తాళాలు డాక్టరుకే."

డాక్టరు కూడా సరేనన్నాడు.

శనివారం పొద్దుటినుంచీ బావాబావమరుదులిద్దరూ బండి కిందే. నేను కొత్త సామాను పెట్టెలో వచ్చిన కాగితం పట్టుకుని కూర్చున్నాను. నేను బడికి వెళ్ళలేదు. పొట్లాం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. అందుకే ఏ కాగితాన్నీ ఊరికే వదలను.

"ఒరేయ్, బొమ్మలో కడ్డీ ఇరుసుకి ముందుంది. మీరు వెనక పెడుతున్నారు."

"అక్కా, నువ్వు కాగితం తలకిందులుగా పట్టుకున్నావేమో చూసుకో."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నిజమేనేమోనని కాగితం తిప్పి చూశాను. అప్పుడు అందులో కారు బొమ్మే తలకిందులైంది. అయినా కాగితం మడిచి దాచిపెట్టాను.

సాయంత్రం బండిని జాకీల మీదకెత్తి, ఆయన చూపుడువేలితో స్టీరింగు తిప్పారు. వెన్నలా తిరిగింది. అందరం ఆ వేలినే చూశాం. చక్రాలు ఎటు తిరుగుతున్నాయో ఒక్కరూ చూడలేదు.

ఆదివారం తొమ్మిదింటికి డాక్టరు నా సీట్లో కూర్చున్నాడు. బండి గేటు దాటింది. నేను చెయ్యి ఊపాను. ఆయన స్టీరింగు ఎడమకి తిప్పారు, బండి కుడికి పోయింది! కంగారుపడి ఇంకా ఎడమకి తిప్పారు, బండి ఇంకా కుడికి పోయింది. ఎదురింటివాళ్ళు ఆరేసిన దుప్పటి ఒకటి కప్పుకుని, ఖాళీ స్థలంలో కుళాయి చుట్టూ గుండ్రంగా తిరిగి నా ముందుకే వచ్చింది. దించబోయిన చెయ్యి మళ్ళీ ఊపాను. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఇంకోసారీ అంతే. జన్మంతా సాగనంపినవాళ్ళలో వెంటవెంటనే మూడుసార్లు తిరిగొచ్చింది ఈయనొక్కరే. ఊరందరి నోళ్ళూ తెరిపించే డాక్టరు తన నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు.

"బ్రేకు, బావా! బ్రేకు!"

బండి ఆగింది. ఆయన దుప్పటి తీసి మడతపెట్టి, డాక్టరు ముందుకు తాళాలు చాపారు. "మాటంటే మాట. తీసుకోండి."

ఇంత జరిగాక వద్దంటాడనుకున్నాను. "భలే ఉందండీ!" అన్నాడు డాక్టరు.

"డాక్టరు బాబూ, ఇప్పుడు టైమెంత?"

"తొమ్మిదీ పది."

"గడువు పన్నెండుకి కదా." కాగితం తెచ్చి తమ్ముడి ముక్కుకి ఆనించాను. "ఇప్పుడు చెప్పు, ఎవరు తలకిందులు?"

వాడు చూశాడు. బండి కిందకి వంగి చూశాడు. ఆ తర్వాత నా వైపు మాత్రం చూడలేదు. "బావా, చక్రాల్ని తిప్పే ఆర్ములు కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ మార్చాలి. కడ్డీ ముందుకి రావాలి."

"మీ అక్క చెప్పింది అదేగా."

"నువ్వూ నవ్వావుగా బావా!"

డాక్టరు స్టూలు వేసుకుని గడియారం చూస్తూ కూర్చున్నాడు. పదకొండూ నలభైకి చక్రాలు బిగించేశారు. ఈసారి బండి దించకముందే నేను వంగి చక్రాలే చూశాను. ఎడమకి అంటే ఎడమకే.

ఆయన ఒక్క వేలితో గేటు దాటి ఎడమకి తిరిగారు. నేను చెయ్యి ఊపలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మలుపు దాటితే కనబడరు. ఆ కాసేపట్లో ఎన్ని పిచ్చి ఊహలొచ్చాయో. పదకొండూ యాభై ఆరుకి ఎర్రటి ముక్కు మలుపులో కనబడింది. తాళాలు మాకే మిగిలాయి.

"అక్కా, ఈ పాత పెట్టె పాతసామాన్ల వాడికి వేసెయ్యనా?" అన్నాడు తమ్ముడు.

ఆ ఇనప పెట్టెను లాక్కున్నాను. పసిపిల్లంత బరువుంది. ఇప్పుడది వంటింటి తలుపు మూసుకుపోకుండా ఆనించి ఉంది. ఆయన దాన్ని రోజూ కాలికి తగిలించుకుని తిడుతున్నారు. తిట్టనీ.